తొమ్మిది అడుగుల ప్రయాణం

మా కౌంటీ ప్లానింగ్ శాఖ మొత్తం ఒక్క కుర్చీలో పడుతుంది. ఇరవై ఏళ్ళుగా ఆ కుర్చీలో కూర్చుంటున్నది నేను, లాడ్ కొవారిక్‌ని. ఇల్లు కట్టాలన్నా, కొట్టం వెయ్యాలన్నా, పొలంలో ఓ మూల ముక్క చేసి అమ్మాలన్నా నా సంతకం కావాలి. అయినా ఒక మనిషికి రోజంతా సరిపడా పని లేదని కౌంటీ పెద్దలకి అనుమానం వచ్చి, కలుపు మొక్కల అధికారి ఉద్యోగం కూడా నాకే అంటగట్టారు. అందుకని పొద్దున పూట జనానికి ఇళ్ళు ఎక్కడ కట్టకూడదో చెబుతాను, మధ్యాహ్నం పూట వాళ్ళ పొలాల్లో ముళ్ళ మొక్కలు పీకమని చెబుతాను. మా నెబ్రాస్కా రాష్ట్రం మొత్తంలో ఇంత తక్కువ జీతానికి ఇంతమంది చేత తిట్లు తినే మనిషి ఇంకొకడు ఉన్నాడని నేననుకోను.

నా ఆఫీసు మోరావా ఊళ్ళో, కౌంటీ కచేరీ అడుగున, నేలమాళిగలో ఉంటుంది. దానికి ఒకే కిటికీ. అది సరిగ్గా బయటి నేల మట్టానికి ఉండడం వల్ల వచ్చేపోయేవాళ్ళు నాకు మోకాళ్ళ దాకానే కనిపిస్తారు. బూట్లు చూసి ఎవరొస్తున్నారో, ఎంత కోపంగా వస్తున్నారో చెప్పేస్తాను. దీన్నొక విద్య అనుకుని చాలాకాలం మురిసిపోయాను.

ఈ ఏప్రిల్‌లో అలా వచ్చిన బూట్లు మైలో జాబ్కావి. మైలో మాకు అర మైలు దూరంలో ఉండే రైతు. బడిలో నాకంటే ఒక తరగతి ముందు. దూడల కోసం కొత్త కొట్టం వేసుకున్నాడు. అది రోడ్డుకి ఉండాల్సిన దానికంటే పదకొండు అడుగులు దగ్గరగా ఉందని నేను నోటీసు పంపాను.

ఇక్కడ మా రోడ్డు సంగతి చెప్పాలి. మ్యాపులో అది స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంటుంది. నేల మీద మాత్రం మా ఇంటి దగ్గర మొదలుపెట్టి మైలో ఇల్లు దాటేదాకా దక్షిణానికి వంగి ఒళ్ళు విరుచుకుని ఉంటుంది. మా తాత కాలంలో ఒక ఏడు వానలు ఎక్కువై చిత్తడి పొంగి రోడ్డుని మింగేసిందట. కంకర చదును చేసే యంత్రం నడిపే మనిషి నీళ్ళ పక్కనుంచి తిప్పుకుని పోయాడు. నీళ్ళు తగ్గాయి గానీ యంత్రం అదే దారికి అలవాటు పడిపోయింది. అలా రోడ్డు జరిగింది. కంకరకీ మా ఇళ్ళకీ మధ్య, పాత రోడ్డున్న చోట ఇప్పుడు గడ్డి, కప్పలు. కాగితం మీద మాత్రం ఈనాటికీ అదే రోడ్డు, సెట్‌బ్యాక్, అంటే ముందు వదలాల్సిన జాగా, దాని నుంచే కొలవాలి.

"రోడ్డు నుంచే కొలిచానురా," అన్నాడు మైలో, టోపీ తీసి నా బల్ల మీద పెడుతూ.

"నువ్వు కొలిచింది కంకర నుంచి. అది రోడ్డు కాదు."

"మరి నేను రోజూ ట్రాక్టర్ తోలేది దేని మీద?"

"అది అలవాటు. రోడ్డు ఇది," అని మ్యాపు మీద గీతని వేలితో చూపించాను.

"అక్కడ కప్పలున్నాయి కదరా లాడ్."

"కప్పలకి సెట్‌బ్యాక్ అక్కర్లేదు మైలో. నీకు కావాలి."

ఆ మాట నాకే ఎంతో నచ్చింది. ఆ సాయంత్రం భోజనాల దగ్గర మా ఆవిడకి చెప్పాను. మర్నాడు కాఫీ హోటల్లో చెప్పాను. ప్లానింగ్ ఆఫీసర్ల సమావేశానికి వెళ్ళినప్పుడు అక్కడ కూడా చెప్పాను. అందరూ నవ్వారు. మా ఆవిడ జోలీన్ ఒక్కతే నవ్వలేదు. ఉప్పు ఇలా అందివ్వమంది.

మైలో వాదించలేదు. కొట్టం కింద దూలాలు దూర్చి, చక్రాలు కట్టి, తరలించడానికి అనుమతి కావాలని వచ్చాడు. దారి ఏది అని నేను అడిగాను. రూలు ప్రకారం అడగాలి కదా. "మోరావా మీదుగా," అన్నాడు. పదకొండు అడుగులు వెనక్కి జరపడానికి ఊళ్ళోకి రావడమేమిటన్నాను. "నువ్వే అన్నావుగా, కంటికి కనిపించేది కాదు, కాగితం మీద ఉన్నదే లెక్కని. కాగితం మీద నా ఇంటికి ముందుకీ వెనక్కీ మధ్య దారి లేదు. చుట్టూ తిరిగి రావాలి," అన్నాడు. కాదనడానికి రూలు కోసం పుస్తకమంతా వెతికాను. దొరకలేదు. సంతకం పెట్టాను.

చలిగాలీ తుంపరా కొడుతున్న రోజున ఆ కొట్టం మెయిన్ వీధిలోకి వచ్చింది. ఊరు ఊరంతా బయటికొచ్చి చూసిందట. నాకు కనిపించింది చక్రాలు, వాటి ముందు ఎర్ర జెండా కొస, దాని కింద మైలో బూట్లు. సరిగ్గా నా కిటికీ ముందుకొచ్చి చక్రాలు ఆగిపోయాయి. బూట్లు నా వైపు తిరిగాయి.

అదే క్షణంలో నా పెన్ను కింద పడింది. దాన్ని వెతకడానికి బల్ల కిందికి దూరాను. పెన్ను దొరకడానికి చాలా సేపు పట్టింది. నేను పైకి లేచేసరికి చక్రాలు వెళ్ళిపోయాయి.

ఇప్పుడు జోలీన్ సంగతి. ఆమె ఊరి బడి వంటగదిలో ఏళ్ళ తరబడి పని చేసింది. పిల్లలు తగ్గిపోయారని మా బడిని పక్క ఊరి బడిలో కలిపేశారు. వంటగది సామాను వేలం వేసిన రోజు జోలీన్ వెళ్ళి తను వాడిన పెద్ద పొయ్యిని తెచ్చుకుంది. నలుగురు మనుషులు మోసుకొచ్చిన ఆ పొయ్యి మా వంటింటి గుమ్మంలోంచి పట్టలేదు. ఏడాది పాటు గరాజులో దుప్పటి కప్పుకుని కూర్చుంది. జోలీన్ ప్రతి శనివారం దాన్ని తుడిచి మళ్ళీ దుప్పటి కప్పేది. చివరికి నేనే అన్నాను, పెరట్లో రోడ్డు వైపు ఒక చిన్న రొట్టెల గది కట్టుకుందామని. ఆమె ముఖం వెలిగిపోయింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా నోటి నుంచి వచ్చిన మాటకి ఆ ముఖం అలా వెలగడం నేను రెండుసార్లకి మించి చూడలేదు.

గది నేనే కట్టాను, బావమరిది సాయంతో. సిమెంటు పోస్తే వంకర వస్తుందని భయపడి దుంగల మీద నిలబెట్టాను. కట్టబోయే ముందు ఒక ఆదివారం టేపు పట్టుకుని దూరం కొలిచాం. ఒక కొస జోలీన్ పట్టుకుంది, ఇంకో కొస నేను. వంటింటి బల్ల మీద దరఖాస్తు రాసి, అడిగేవాడి చోట నీలం సిరాతో, ఇచ్చేవాడి చోట నల్ల సిరాతో సంతకం చేశాను. చూసేవాళ్ళకి ఇద్దరు మనుషుల్లా ఉంటుందని.

జూన్‌లో పొయ్యి వెలిగించాం. జోలీన్ చుట్టుపక్కల వాళ్ళందరినీ కొలాచీలు తినడానికి పిలిచింది. మా ముత్తాతలు బొహీమియా దేశం నుంచి పట్టుకొచ్చిన ఆస్తిలో ఇంకా మిగిలింది ఈ కొలాచీయే. అరచేతిలో పట్టే మెత్తని రొట్టె, నడుమ గుంటలో గసగసాల ముద్ద. తిన్నవాళ్ళంతా ఆగస్టులో జరిగే కౌంటీ సంబరాలకి అప్పటికప్పుడే ఆర్డర్లు ఇచ్చేశారు. జోలీన్ అన్నిటికీ సరే సరే అంటూ పిండి చేతులతో అటూ ఇటూ పరిగెత్తుతోంది.

మైలో కూడా వచ్చాడు. రెండో కొలాచీ చేతిలో పట్టుకుని పెరటి అంచున నిలబడి కంకర వైపు చూస్తున్నాడు. నేను ఇంటాయన హోదాలో పక్కకి వెళ్ళి నిలబడ్డాను.

"ఏరా లాడ్, రోడ్డెక్కడ?" అన్నాడు.

"అదేం ప్రశ్న? ఎదురుగా ఉంటే."

"ఓహో. ఏప్రిల్‌లో అక్కడ లేదన్నావే."

పుట్టినప్పటి నుంచి ఈ ఇంట్లోనే ఉన్నాను. బడికి ఆ కంకర మీదే నడిచి వెళ్ళాను, సైకిలు మీంచి పడి మోకాలు చీరుకున్నది ఆ కంకర మీదే. ఎవరింటి ముందు కొలిచినా మ్యాపు విప్పుతాను. నా ఇంటి ముందు మ్యాపు విప్పాలని తోచనే లేదు.

"నేనేం ఫిర్యాదు చెయ్యన్లే," అన్నాడు మైలో, వేళ్ళకంటిన గసగసాలు నాక్కుంటూ. "ఊరికే అడిగాను."

అందరూ వెళ్ళాక గడ్డిలో పాత రోడ్డు సరిహద్దు గుర్తు వెతికి మళ్ళీ కొలిచాను. తొమ్మిది అడుగులు తక్కువ వచ్చింది. తప్పు కొలిచానేమోనని ఇంకోసారి కొలిచాను. తొమ్మిదే.

జోలీన్‌కి చెప్పాను. ఆమె చేతులు కడుక్కుంటూ విని, "నా కొస నేను సరిగ్గానే పట్టుకున్నాను. నీ కొస ఎక్కడుందో నీకే తెలియాలి," అంది. చేతులు తుడుచుకుంటూ అడిగింది, "గది పోతుందా లాడ్?"

"పోదు. నేనున్నాగా."

"నువ్వుండబట్టేగా అడుగుతున్నాను," అంది.

నాలుగు రోజులు కుక్కిన పేనులా ఉంటే సద్దుమణుగుతుందనుకున్నాను. మైలో మాట నిలబెట్టుకున్నాడు, ఫిర్యాదు చెయ్యలేదు. కానీ ఊరికే అడగడం మానలేదు. ధాన్యం గిడ్డంగి దగ్గర ఒకడు, "లాడ్, ఇంటికి క్షేమంగా చేరుతున్నావా? రోడ్డు దొరుకుతోందా?" అంటాడు. కాఫీ పోసే పిల్ల, "కప్పులో పొయ్యనా, మ్యాపు మీద పొయ్యనా?" అంటుంది. కచేరీ మెట్ల దగ్గర ఎవరో నా కోసం ఒక రబ్బరు కప్పని కూడా వదిలిపెట్టారు. ఇక తప్పదని, గదిని ఉన్నచోటే ఉంచడానికి మినహాయింపు కోరుతూ ప్లానింగ్ కమిషన్‌కి దరఖాస్తు పెట్టుకున్నాను. అంటే నా బల్లకి అటు వైపు నిలబడి ఇచ్చి, ఇటు వైపు వచ్చి పుచ్చుకున్నాను.

రూలు ప్రకారం పసుపు పచ్చ నోటీసు అట్ట ఒకటి మా పెరట్లో నేనే పాతాను. ఇరుగుపొరుగుకీ, భూమిలో వాటా ఉన్నవాళ్ళకీ ఉత్తరాలు పంపాను. జోలీన్‌కి కూడా వాటా ఉంది గనక ఆమెకొకటి వచ్చింది. పొద్దున్నే టీ తాగుతూ విప్పి చదివింది. "లాడ్ కొవారిక్ అనే ఆయన మన పెరట్లో ఏదో తప్పు చేశాట్ట. అభ్యంతరం ఉంటే చెప్పమంటున్నారు," అంది.

"ఉందా?"

"ఆలోచిస్తాను," అంది.

దరఖాస్తు మీద శాఖ తన అభిప్రాయం రాసివ్వాలి. శాఖ అంటే నేనే. మా రూలు చాలా స్పష్టం: ఎవరి కష్టమైనా వాళ్ళు చేతులారా తెచ్చుకున్నదైతే దానికి మినహాయింపు ఉండదు. ఈ మాట ఇరవై ఏళ్ళలో ఎంతమంది ముఖం మీద అన్నానో లెక్క లేదు. కాబట్టి తిరస్కరించాలనే రాశాను. 'దరఖాస్తుదారుడి నిర్లక్ష్యం' అన్న మాట కూడా రాశాను. రాసినదాన్ని రెండుసార్లు చదువుకుని నా నిజాయితీకి నేనే చలించిపోయాను.

ఆ తర్వాత ఫోన్ తీసి డార్లీన్ పెట్స్కా గారికి చేశాను. ఆవిడ కమిషన్‌కి అధ్యక్షురాలు. చిన్నప్పుడు దూడల పోటీకి దూడని ఎలా నడిపించాలో నాకు నేర్పిన మనిషి. ఆవిడ పచ్చిక బీడులో ముళ్ళ మొక్కల గురించి మాట్లాడి, మాటలో మాటగా, కౌంటీ బోర్డు తలుచుకుంటే ఒక్క తీర్మానంతో రోడ్డు ఇప్పుడు కంకర ఉన్న చోటే ఉందని ఒప్పేసుకోవచ్చనీ, అప్పుడు ఎవరి గదీ రోడ్డుకి దగ్గర కాదనీ అన్నాను. ఆ మాట చెప్పడం నా పని కాదని కూడా అన్నాను.

"నీ పని కాకపోతే ఎందుకు చెబుతున్నావురా అబ్బాయ్?"

"ఏదో, మాట వచ్చింది కదాని."

"ముళ్ళ మొక్కల్లోంచి రోడ్డు ఎలా వచ్చిందిరా?" అన్నారావిడ. అయినా సరేలే చూద్దామన్నారు.

విచారణ నాడు కచేరీ మేడ మీద గది కిక్కిరిసిపోయింది. మామూలుగా మా విచారణలకి కమిషన్ సభ్యులు కాక వచ్చేది ఫ్యాను గాలి కోసం వచ్చే ఒక ముసలాయన మాత్రమే. ఆ రోజు వెనక గోడ దాకా కుర్చీలు వేశారు. మైలో తలుపు దగ్గర టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. జోలీన్ ముందు వరసలో ఉంది.

"శాఖ అభిప్రాయం," అన్నారు డార్లీన్ గారు. నేను శాఖ బల్ల దగ్గర నిలబడి, దరఖాస్తుదారుడు ఎంత నిర్లక్ష్యపు మనిషో చదివాను. "దరఖాస్తుదారుడు ఏమంటారు?" అన్నారావిడ. నేను నడుచుకుంటూ వెళ్ళి అవతలి మైకు ముందు నిలబడి, "శాఖ చెప్పింది నిజమే," అన్నాను. జనమంతా గొల్లున నవ్వారు. "శాఖని ఏమైనా అడుగుతారా?" అన్నారావిడ, నవ్వు దాచుకోకుండానే. అడగను అన్నాను. మళ్ళీ నడవడానికి నా కాళ్ళు ఒప్పుకోలేదు.

అప్పుడావిడ గొంతు సవరించుకుని రోడ్డు మాట ఎత్తారు. బోర్డు ఒక్క తీర్మానం చేస్తే చాలు, ఈ వంకర రోడ్డే అసలు రోడ్డవుతుంది, కొవారిక్ వాళ్ళ గది గొడవ తీరిపోతుంది అన్నారు. సభ్యులందరూ తలలూపారు. రైతులే కదా, ఇల్లు కదపడం కంటే గీత కదపడం తేలికని వాళ్ళకి తెలుసు. నేను నేల చూపులు చూస్తూ, తిరస్కరించమని రాసిన నిజాయితీపరుడిగానూ గది దక్కించుకున్న మొగుడిగానూ ఒకేసారి ఇంటికి వెళ్ళబోతున్నానని లోపల్లోపల పొంగిపోతున్నాను.

జోలీన్ చెయ్యెత్తింది.

"పేరు, చిరునామా చెప్పాలమ్మా," అన్నారు డార్లీన్ గారు అలవాటు కొద్దీ.

"జోలీన్ కొవారిక్. ఆ గది పక్క ఇల్లు." ఆమె లేచి నా వైపు తిరిగింది. "నేను శాఖని ఒకటి అడగాలి. రోడ్డుని అలా ఒప్పేసుకోవచ్చని శాఖకి ముందే తెలుసా?"

"తెలుసు," అన్నాను.

"ఎప్పటి నుంచి?"

"అది చట్టంలో ఎప్పటి నుంచో ఉంది."

"అయితే ఏప్రిల్‌లో కూడా ఉంది. మరి మైలో కొట్టం కోసం ఎందుకు ఒప్పుకోలేదు?"

"ఆయన అడగలేదు జోలీన్."

"అడగొచ్చని నువ్వు చెప్పావా?"

జవాబు చెప్పాల్సింది నేనేనని అందరికీ తెలుసు, నాకూ తెలుసు. కప్పల మాట చెప్పాను గానీ ఈ మాట చెప్పలేదు. చెప్పాలని తట్టలేదు అందామనుకున్నాను. డార్లీన్ గారికి ఫోన్ చెయ్యాలని మాత్రం ఎంత చక్కగా తట్టిందో గుర్తొచ్చి ఆ మాట మింగేశాను.

"లేదు," అన్నాను చివరికి.

డార్లీన్ గారు ఇబ్బందిగా కదిలి, "మైలో, నువ్వేమైనా చెబుతావా బాబూ?" అన్నారు.

మైలో లేవలేదు. "చెప్పడానికేముంది? కొట్టం జరిపాను. ఆ వారం దూడలు బయటే ఉన్నాయి, చలివాన పడింది. రెండు దూడలు పోయాయి. మిగతావి బాగానే ఉన్నాయి." టోపీని ఒళ్ళో ఒకసారి తిప్పాడు. "ఆవిడ గది ఎందుకు తీసెయ్యాలి? కొలాచీలు బావున్నాయి. నాకేం అభ్యంతరం లేదు."

దూడల సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. అర మైలు దూరంలో ఉంటాను. తెలుసుకోలేదు.

జోలీన్ అంది, "దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాం. గది జరుపుతాం. అది జరిగాక రోడ్డుని మీ ఇష్టం వచ్చినట్టు ఒప్పుకోండి. ముందు కాదు."

"బోర్డు తీర్మానం వచ్చేదాకా రెండు నెలలాగితే జరపనక్కర్లేదు కదమ్మా," అన్నారు డార్లీన్ గారు.

"మైలోకీ అక్కర్లేదుగా," అంది జోలీన్, కూర్చుంటూ.

ఇంటికి వచ్చేటప్పుడు బండిలో నేను ఊరుకోలేకపోయాను. "మతిపోయిందా నీకు? పొయ్యి కదిలితే పగుళ్ళొస్తాయి. దుంగలు విరిగితే గది కూలుతుంది. సంబరాలు ఇంకో మూడు వారాల్లో. ఆ ఆర్డర్లన్నీ ఏం చేస్తావు? గది దక్కిందే, చేతిలోకి వచ్చిందే!"

"వచ్చింది," అంది. "ఏడాది పాటు ఆ పొయ్యి తుడిచాను లాడ్. నాకు ఆ గది కావాలి. నీకెంత కావాలో దానికంటే ఎక్కువ కావాలి. కానీ దాంట్లో నిలబడి మైలోకి కొలాచీ అమ్మాలిగా నేను."

నాకు ఒళ్ళు మండిపోతూనే ఉంది. ఆమె మాట నిజం కావడం వల్ల ఇంకా మండింది.

మర్నాడు పొద్దున్నే మైలో మా పెరట్లోకి ట్రాక్టర్ తోలుకొచ్చాడు. వెనక దూలాలు, చక్రాలు, గొలుసులు. "నా దగ్గర సామానుంది, అనుభవం కూడా ఉంది. ఊరికే జరిపి పెడతాను," అన్నాడు. "ఒక్కటే షరతు. దారి నేను చెప్పిందే."

"తొమ్మిది అడుగులకి దారేమిటి?" అన్నాను, తెలిసి కూడా.

"మోరావా మీదుగా."

నేను నోరు తెరిచేలోపే జోలీన్ వంటింటి కిటికీలోంచి, "సరే!" అని అరిచింది. నవ్వుతోంది. విచారణ తర్వాత ఆమె నవ్వడం అదే మొదటిసారి. ఇక నేనేం అంటాను. తరలించడానికి అనుమతి పత్రం రాసుకున్నాను. తరలించేటప్పుడు లోపల మనుషులుండరాదు అన్న షరతు కూడా ఎప్పట్లాగే రాశాను. మరుసటి రోజు బయల్దేరే వేళకి జోలీన్ తెల్లవారుజామున కాల్చిన కొలాచీల పళ్ళేలతో లోపల కూర్చుని కిటికీ రెక్కలు తెరిచి పెట్టింది.

"నువ్వు దిగాలి. షరతు ఉంది," అన్నాను.

"శాఖకి చెప్పు," అంది.

జెండా నా చేతికిచ్చాడు మైలో. ముందు ఒక మనిషి నడవాలి కదా. నాలుగు మైళ్ళు. ఎండ, కంకర, నా వెనక ట్రాక్టర్ గురక, దాని వెనక నా ఇల్లాలు రాణీగారిలా. పొలాల్లో పని చేసేవాళ్ళు గట్ల మీదికొచ్చి చేతులూపారు. కొందరు బండ్లు ఆపి కిటికీ దగ్గర కొలాచీలు కొనుక్కున్నారు. ఒకాయన నా దగ్గరికొచ్చి కప్పలా అరిచి వెళ్ళాడు. ఎవర్నీ ఏమీ అనలేకపోయాను. వాళ్ళ చేత ఎన్ని కొట్టాలు కదిలించానో వాళ్ళకి గుర్తుంటుంది, నాకే గుర్తులేదు.

మెయిన్ వీధిలోకి వచ్చేసరికి ఊరంతా బయటే ఉంది. డార్లీన్ గారు కచేరీ మెట్ల మీద నిలబడి చప్పట్లు కొట్టారు. అక్కడ మైలో ట్రాక్టర్ ఆపాడు. జనం కొలాచీల కోసం కిటికీ చుట్టూ మూగారు. నేను జెండా పట్టుకుని నిలబడ్డ చోట నా కాళ్ళ పక్కనే ఒక చిన్న అద్దం కనిపించింది. మొదట ఏమిటో పోల్చుకోలేదు. నా ఆఫీసు కిటికీ. ఇరవై ఏళ్ళలో దాన్ని ఇటు వైపు నుంచి నేనెప్పుడూ చూడలేదు.

వంగి చూశాను. మనుషుల మోకాళ్ళు మాత్రమే కనిపించే ఆ కిటికీలోంచి, ఇటు నుంచి చూస్తే గదంతా కనిపిస్తోంది. గోడ మీద మ్యాపు, ముళ్ళ మొక్క బొమ్మ, కుర్చీ, బల్ల. బల్ల కింద చెత్తబుట్ట కూడా. ఏదీ దాగడం లేదు.

మైలో ట్రాక్టర్ దిగి నా పక్కన నిలబడ్డాడు.

"ఆ రోజు బల్ల కింద ఏం వెతికావురా?" అన్నాడు. కోపంగా అనలేదు.

"పెన్ను," అన్నాను. "నువ్వెందుకాగావు ఆ రోజు?"

"అడుగుదామని. వెనకంతా బురదగా ఉంది, కొట్టం దించడానికి చోటు లేదు. ఎండేదాకా పాత చోటే దించుకోవచ్చా అని. ఒక్క వారం. దూడలు మరీ పసివి."

ఒప్పుకునేవాణ్ణి మైలో, అని చెప్పబోయాను. ఒప్పుకునేవాణ్ణో లేదో నాకు తెలియదు. ఆ బల్ల కింద నక్కిన మనిషి తరఫున నేను మాటివ్వలేను.

"నువ్వు పైకి లేస్తావేమోనని కాసేపు చూశాను," అన్నాడు. "ఇంటి దగ్గర దూడలు చలిలో ఉన్నాయి కదాని వెళ్ళిపోయాను."

ఏదో అనాలి. "నన్ను క్షమించరా," అన్నాను. ఇరవై ఏళ్ళలో శాఖ తరఫున ఆ మాట ఎవరితోనూ అని ఎరగను. మైలో తలూపాడు. అంతే. క్షమించాడో లేదో చెప్పలేదు.

జోలీన్ కిటికీలోంచి కేకేసింది. "గసగసాలవి అయిపోయాయి! పదండి, ఇంటికెళ్ళి మళ్ళీ కాల్చాలి!"

మైలో ట్రాక్టర్ ఎక్కాడు. నేను జెండా ఎత్తి ముందు నడిచాను.